సోంపు వాసన మూటలు

కొండల్‌కు అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. పాలు పోయించుకుంటే గిన్నెలో వేలు ముంచి చూస్తాడు. దవాఖానలో డాక్టరు రాసిన గోలీలను ఇంకో డాక్టరుకు చూపిస్తే గానీ మింగడు. పెళ్ళిచూపులు అయ్యాక కూడా, చూపించిన పిల్లనే పీటల మీద కూర్చోబెడతారా లేక ఇంకెవరినైనా కూర్చోబెడతారా అని పెళ్ళి దాకా నిద్ర పట్టక పొర్లాడట. పీటల మీద కూర్చున్నది కమలాదేవే. ఆ సంగతి తలుచుకుని ఆమె ఇప్పటికీ నవ్వుతుంది. అడ్డుతెర తీసేదాకా ఎవరికి తెలుసు అంటాడు ఆయన, ఇప్పటికీ నవ్వకుండా.

అలాంటి మనిషి పామాయిల్ తోట పెట్టాడంటే ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. ఏళ్ళ తరబడి పెట్టుబడే తప్ప రాబడి కనిపించని పంట అది. పత్తికి కూలీలు దొరక్క, మిర్చికి తెగుళ్ళతో వేగలేక, కేసముద్రం మార్కెట్లో కాంటా దగ్గర ప్రతి ఏడూ కొట్లాడలేక, చివరికి ఉన్న చెలకలో పెద్ద ముక్క దానికి ఇచ్చేశాడు. అరవై దాటిన మనిషి. తోట గెల వేస్తే మిగిలిన బతుకంతా నిమ్మళం. వేయకపోతే చెట్లు పీకించి మళ్ళీ పత్తి గింజ పెట్టే ఓపిక ఆయనకు లేదు, కమలాదేవికీ లేదు.

సరిగ్గా తొలి గెలలు పడాల్సిన ఏడే తెల్లదోమ దిగింది. ఆకు తిప్పి చూస్తే అడుగున ఎవరో తెల్లటి పిండితో చుట్లు చుట్లుగా ముగ్గు పెట్టినట్టు ఉండేది. వేలితో రాస్తే జిడ్డు. పై ఆకుల నుంచి బంక కారి కింది ఆకుల మీద పడి, ఆ బంక మీద నల్లటి మసి పట్టి, పచ్చటి తోట కాస్తా కట్టెల పొయ్యి వెనక గోడలా తయారైంది. ఇది మన దిక్కు దోమ కాదని, పరాయి దేశం నుంచి మొక్కలతో పాటు వచ్చిందని వ్యవసాయాధికారి చెప్పిపోయాడు. పరాయి దేశం అన్న మాట కొండల్‌కు రుచించలేదు. పక్క చెలక రైతు బుచ్చి గట్టు మీద నాటిన కొబ్బరి మొక్కల మీదే ఆయన కన్ను. వాటితోనే వచ్చిందని తనలో తనే తేల్చుకుని, బుచ్చితో మాటలు మానేశాడు.

ఆ తర్వాత కేసముద్రంలో ఒక మందుల దుకాణానికి పోయాడు. దుకాణందారు రెండు డబ్బాలూ ఒక పొట్లమూ చేతికిచ్చి, మూడూ ఒకే డ్రమ్ములో కలిపి చెట్టంతా తడిసేలా కొట్టమన్నాడు. కొట్టిన పూటే దోమ జలజలా రాలింది. కళ్ళ ముందు చచ్చినదాన్ని అనుమానించడం ఎలా? డాక్టరును నమ్మనివాడు, పాలవాణ్ణి నమ్మనివాడు, ఆ డబ్బాలను మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాడు. ఎండాకాలమంతా కొట్టాడు. రాలిన దోమ రాలుతూనే ఉంది, కొత్త దోమ దిగుతూనే ఉంది. దానికి తోడు ఇంకో గండం వచ్చిపడింది. గెల నిలవడం లేదు. ఆడ పూగెల విచ్చుకుని నాలుగు నాళ్ళు ఆశ పెట్టి, కాయ పట్టకుండానే నల్లబడి కుళ్ళిపోతోంది. కొండల్ ఆ కుళ్ళిన గెలలను కమలాదేవికి కనిపించకుండా గుంత తీసి పూడ్చేవాడు. ఆమె చూస్తూనే ఉండేది.

చూసి చూసి ఒకనాడు ఆమె భర్తతో చెప్పకుండా తండాకు వెళ్ళింది. ఊరికీ తండాకూ మధ్యలోనే ఉంది వీళ్ళ తోట. తండాలో ద్వాళి కూతురు సౌందర్య, వ్యవసాయంలో డిప్లొమా చదివి వచ్చి, మహిళా సంఘం ఆడవాళ్ళను కూడగట్టి చెట్ల గింజలతో పురుగుమందు చేస్తోంది. వేపగింజలు దంచి గుడ్డలో మూటగట్టి నానబెడతారు. సీతాఫలం గింజలు పొడి కొట్టేటప్పుడు కళ్ళు పోతాయేమో అన్నంత మంట కాబట్టి ముఖాలకు కొంగులు చుట్టుకుంటారు. మందు ఆకును అంటిపెట్టుకోవడానికి కుంకుడు రసం కలుపుతారు. కషాయం అనే పిలుస్తారు దాన్ని.

ద్వాళి అయితే కొండల్‌కు కొత్త మనిషి కాదు. ఆయన పత్తి వేసినన్నాళ్ళూ తొలి పత్తి ఆమే ఏరేది. మంచి చెయ్యి అని పేరు. ఏ చేనైనా ద్వాళి ఒడిలో నాలుగు పత్తికాయలు పడ్డాక గానీ మిగతా కూలీలు దిగేవాళ్ళు కాదు. ఆమెకు జ్వరమొస్తే ఒక ఏడు కొండల్ పత్తి ఏరుడే ఆపి, ఆమె లేచి వచ్చేదాకా ఆగాడు. అన్నింటినీ అనుమానించే మనిషి ఆ చేతిని ఏనాడూ అనుమానించలేదు.

సౌందర్య వచ్చి తోటంతా తిరిగింది. ఆకులు చూసింది, పూగెలలు విప్పి చూసింది, ఎండిన పువ్వు దులిపి అరచేతిలో ఏదో వెతికింది. ఏం మందు కొట్టారని అడిగితే కొండల్ సరిగా చెప్పలేదు. ఆమె కమలాదేవిని పక్కకు తీసుకుపోయి చాలాసేపు మెల్లగా మాట్లాడింది. కొండల్ దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. తన తోట గురించి తన భార్యతో గుసగుసలేమిటి?

తిరిగొచ్చి, దుకాణం మందు ఇక ముట్టొద్దని, కషాయం వారం వారం కొట్టాలని సౌందర్య చెప్పింది.

"ఆకు అడుగున కొట్టాలె బాపు. పూగెలల మీద మాత్రం సుక్క గూడ పడొద్దు."

"ఎందుకు పడొద్దు?"

"పడొద్దు, అంతే. పడితే మీకే నష్టం," అని ఆమె కమలాదేవి వైపు ఓసారి చూసి మాట మార్చింది. ఆ చూపు కొండల్ పట్టేశాడు.

మొదటి రోజే పంపు ఆగిపోయింది. కషాయం సరిగా వడగట్టక పిప్పి పోయి నాజిల్‌లో ఇరుక్కుంది. సౌందర్య ముఖం చిన్నబుచ్చుకుని, సూదితో తనే కూర్చుని పొడిచి, రెండు మడతల గుడ్డలో మళ్ళీ వడపోసింది. చూసినవా అన్నట్టు కొండల్ భార్య వైపు చూశాడు. కొట్టిన తర్వాత దోమ ఒక్కటీ రాలలేదు. చూసినవా అని ఈసారి పైకే అన్నాడు. ఒక చెట్టుకు ఎర్ర గుడ్డపేలిక కట్టుకుని, రోజూ పొద్దున ఆ చెట్టు ఆకులే ఎత్తి చూసేవాడు, మోసం బయటపడకపోతుందా అని.

బయటపడింది మోసం కాదు. కొత్త చుట్లు రావడం తగ్గింది. పాత చుట్లు ఎండి, ఊదితే పొడిలా ఎగిరిపోతున్నాయి. కింది ఆకుల మీద బంక తగ్గి, తొలి వానలకు మసి కొట్టుకుపోయి, ఆకుపచ్చ రంగు మళ్ళీ కనబడింది. ఇంకొకరైతే తండాకు పోయి సౌందర్య నోట్లో చక్కెర పోసేవాళ్ళు. కొండల్‌కు అనుమానం రెట్టింపైంది. కషాయమంటే జ్వరమొస్తే తాగేది, దానికి దోమ ఎట్లా పోతుంది? ఒక సీసాలో నింపుకుని కేసముద్రం దుకాణానికి పట్టుకుపోయాడు. దుకాణందారు మూత తీసి వాసన చూసి, సీసా పైకెత్తి వెలుతురులో చూసి, "ఏదో కలిపిన్రే. మనకెందుకులే పెద్దమనిషి," అన్నాడు. ఆ మనకెందుకులే అన్న మాట చాలు కొండల్‌కు. దారి పొడుగునా దాన్నే నెమరేసుకుంటూ ఇంటికొచ్చాడు.

వానలు పడుతున్న కొత్తలో ఒకనాడు తెల్లవారగానే, మామూలు కన్నా ముందే తోటకు పోయాడు. చెట్ల వరసల మధ్య నుంచి ద్వాళి వస్తోంది. చేతులు దులుపుకుంటూ, అటూ ఇటూ చూసుకుంటూ తండా దారి పట్టింది. కొండల్ చెట్టు చాటున నిలబడిపోయాడు. నలభై ఏళ్ళుగా తెలిసిన మనిషి తన తోటలోంచి దొంగలా బయటికి పోతోంది.

ఆమె కనుమరుగయ్యాక వెతికాడు. ఒక చెట్టు మట్టల సందులో ఎర్రటి మూట దొరికింది. లంబాడీ పావడా చింపిన గుడ్డ, అక్కడక్కడా చిన్న చిన్న అద్దాలు కుట్టి ఉన్నాయి. ముడి విప్పాడు. సోంపు వాసన గుప్పుమంది. లోపల వేళ్ళలా ఉన్న పూరెమ్మలు, వాటి మీద పసుపు లాంటి పొడి, ఆ పొడిలో కుప్పలు కుప్పలుగా పాకుతున్న పురుగులు. బియ్యంలో పట్టే ముక్కుపురుగులే అనుకుంటారు ఎవరైనా. ఇంకో వరసలో ఇంకో మూట. ఆ పక్క వరసలో మరొకటి. తలెత్తి చూస్తే ఆ పురుగులే పూగెలల మీద కూడా పాకుతున్నాయి.

అప్పుడు కొండల్‌కు అన్నీ ఒక దారానికి ఎక్కినట్టనిపించింది. పూగెలల మీద మందు పడొద్దని సౌందర్య ఎందుకన్నదో, కమలాదేవితో గుసగుసలెందుకో, గెలలు ఎందుకు కుళ్ళుతున్నాయో! దోమను ఒక చేత్తో తీసేసి, ఇంకో చేత్తో పురుగును వదులుతున్నారు. గెల నిలవకపోతే తోట అమ్ముకుంటాడని ఎవరి ఎదురుచూపో ఇది అనుకున్నాడు. ఎవరికైనా చూపించాలని మూట పట్టుకుని తిన్నగా బుచ్చి చెలకలోకి నడిచాడు. మాటలు లేవన్న సంగతే మరిచిపోయాడు. బుచ్చి మూటను ముట్టుకోలేదు. దూరం నుంచే చూసి, పసుపు చూసి, అద్దాలు చూసి, గొంతు తగ్గించాడు.

"ఇవి మంత్రాలే అన్న. ద్వాళికి మంత్రాలొస్తయని నాకెప్పటి నుంచో డౌటే."

కొండల్ ఇంటి వెనక కొట్టంలో దుకాణం మందు అడుగూ బొడుగూ మిగిలి ఉంది. అదంతా డ్రమ్ములో పోసి, మూటల మీద, పూగెలల మీద, కసితీరా తడిపాడు. పురుగులు కళ్ళ ముందే కాళ్ళు ముడుచుకున్నాయి. చాలాకాలానికి ఆయన మనసు చల్లబడింది.

మరునాడు తండాలో పంచాయితీ పెట్టించాడు. తండా నాయక్ తుల్సీరాం పెద్దమనిషిగా కూర్చున్నాడు. ఊరి నుంచి బుచ్చితో సహా చాలామంది వచ్చారు. కొండల్ ఎర్ర మూటను అందరి మధ్యలో పడేసి, ద్వాళి తన తోటకు మంత్రాలు పెట్టిందని అందరూ వినేలా అన్నాడు. ఆ మాట పడగానే ఊరి ఆడవాళ్ళు ఒక అడుగు వెనక్కి జరిగారు. తండావాళ్ళు కూడా కొందరు జరిగారు. ద్వాళి అది చూసింది.

సౌందర్య అగ్గిలా లేచింది. ఈ మాట వెనక్కి తీసుకోకపోతే ఇప్పుడే మానుకోట టేషన్‌కు పోయి కేసు పెడతానంది. ద్వాళి కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది. కొండల్ వైపే చూస్తూ తన రెండు చేతులూ ముందుకు చాపింది.

"ఇవ్వి నీకెరికైన చేతులే గదా పటేలా."

కొండల్ తల తిప్పుకున్నాడు. అంతలో వెనక నుంచి జనాన్ని నెట్టుకుంటూ కమలాదేవి వచ్చింది. కబురు తెలిసి తోట మీదుగా పరుగెత్తుకొచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు బురదగా ఉన్నాయి.

"ఆ మూటలు పెట్టిచ్చింది నేను," అంది. "ద్వాళి కాదు, నేను. గవి మగపువ్వు మీది పొడిని ఆడపువ్వుకు మోసే పురుగులు. గవి మోస్తెనే గెల నిలుస్తది. నువ్వు ఎండకాలమంత దుకాణం మందు కొట్టి, దోమతోని పాటు వాటిని గూడ సంపుకున్నవు. గంగారం దిక్కు సౌందర్య మేనమామ తోట ఉంటే, ఆడికెల్లి పూలు కోసి, బస్సుల, నెత్తి మీద, ద్వాళి మోసుకొచ్చింది. నా మాట కాదనలేక."

తనకెందుకు చెప్పలేదని కొండల్ అడిగాడు.

"చెప్తే నమ్మేటోనివా? నీ చేతులతోనే నీ తోట పాడైందని నీ మొకం మీద అనబుద్ధి గాలే. అందుకే నీకు కనవడకుంట పెట్టమన్న. నాదే తప్పు," అని ఆమె మూట దగ్గర కూర్చుని ముడి విప్పింది. మందు వాసన ముక్కు పగలగొట్టింది. పురుగులన్నీ పొట్టులా అడుగున పడి ఉన్నాయి. సౌందర్య వంగి చూసి, పూగెలల మీద కూడా కొట్టారా అని అడిగింది. కొండల్ మూట వైపు చూడకుండా రెండడుగులు వెనక్కి వేశాడు. చెప్పక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది.

తప్పయిందని కొండల్ అన్నాడు. ద్వాళిని చూసి కాదు, నేల చూసి అన్నాడు. తుల్సీరాం పంచాయితీ ముగించాడు. జనం లేచి దులుపుకుని వెళ్ళిపోయారు.

అయిపోయిందనే అనుకున్నాడు కొండల్. కానీ నోరు జారిన మాట ఊరి నిండా నడుస్తోంది. ద్వాళి ఊళ్ళోకి వస్తే వాకిట్లో ఆడుకునే పిల్లలను తల్లులు లోపలికి లాక్కుంటున్నారు. ఆమె వస్తున్నది చూసి తలుపులు పెట్టుకుంటున్నారు. కిరాణా కొట్టులో సరుకు ఆమె చేతికివ్వకుండా బల్ల మీద పెడుతున్నారు. పురుగుల సంగతి అందరూ విన్నారు, నిజమే అని తలూపారు, అయినా ఎందుకైనా మంచిదని తలుపు వేసుకుంటున్నారు. సంఘం కషాయం కొనేవాళ్ళు కూడా తగ్గిపోయారు. అందులో ఏం కలుపుతారో ఎవరికి తెలుసు అంటున్నారట. ఆ అనుమానంతో మొదట సీసా పట్టుకుని దుకాణానికి పోయింది తనేనని కొండల్‌కు గుర్తుంది. పత్తి సీజన్లో తొలి పత్తి ఏరడానికి ఆ ఏడు ద్వాళిని ఎవరూ పిలవలేదు. ఆమె ఊళ్ళోకి రావడమే మానేసింది.

ఆ పంచాయితీ అయిన కొన్నాళ్ళకే కొండల్ గంగారం పోయాడు. ఒక్కడే. సౌందర్య మేనమామకు సంగతి అంతా తెలుసు. కూర్చోమనలేదు, నీళ్ళిచ్చాడు. కొడవలి చేతికిచ్చి, విచ్చిన మగ పూగెలలు చూపించి పక్కకు తప్పుకున్నాడు. కొండల్ వాటిని కోసి తన తువ్వాలలో మూట కట్టుకున్నాడు. మానుకోట బస్సులో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, సోంపు వాసనకు పక్కనున్న ఆమె తల తిప్పి చూసింది. చూస్తుండగానే తువ్వాల సందులోంచి రెండు పురుగులు ఆయన చేతి మీదికెక్కాయి. ఆమె పిల్లను ఒళ్ళోకి లాక్కుని వేరే సీటుకు పోయింది. కండక్టరు వచ్చి మూటలో ఏముందని అడిగాడు. పురుగులని కొండల్ నిజమే చెప్పాడు. కండక్టరు ఆయనను ఎగాదిగా చూసి వెనక సీటులోకి పంపాడు. అరవై ఏళ్ళు అందరినీ అలా ఎగాదిగా చూసినవాడికి, తన మీదికి అది తిరిగేసరికి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

ద్వాళి ఇలాగే వచ్చి ఉంటుంది. ఇదే బస్సులో, ఇదే వాసనతో, ఇన్ని కళ్ళ మధ్య. అదీ తన తోట కోసం.

వానాకాలమంతా అలా తెస్తూనే ఉన్నాడు. తెల్లవారుజామునే మట్టల సందుల్లో మూటలు పెట్టేవాడు. కషాయం తండా నుంచి కొనుక్కొచ్చి, పూగెలలకు తగలకుండా పక్కన నిలబడి ఆకు అడుగున కొట్టించేవాడు. అది చూసి ఊళ్ళో నవ్వుకున్నారు. కొండల్‌కు కూడా మంత్రాలు వచ్చాయని బుచ్చి అందరి ముందూ హాస్యమాడితే పకపకా నవ్వారు. నవ్వి, అదే చేత్తో ఆయనకు చాయ్ అందించారు.

గెలలు నిలిచాయి. చలికాలం వచ్చేసరికి మట్టల మధ్య నల్లగా మెరిసి, మెల్లగా ఎర్రబడ్డాయి. తొలి కోత దగ్గరపడిందని తెలిసిన రోజు కొండల్ తండాకు నడిచాడు. ద్వాళి ఇంటి ముందు వేపగింజలు చెరుగుతోంది. ఆయనను చూసి ఆపలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఊళ్ళో తనను కూడా మంత్రాలోడు అంటున్నారని చెప్పాడు. ఆ మాటతో ఆమెకు కొంచెం ఊరట కలుగుతుందేమోనని ఎందుకో ఆశపడ్డాడు. ద్వాళి చేట కింద పెట్టింది.

"నిన్ను అంటే నవ్వుతరు పటేలా. నన్ను అంటే తలుపు పెట్టుకుంటరు."

కొండల్ ఆమె ఎదుట నేల మీదే కూర్చున్నాడు. తొలి గెల ఆమె చేతనే కోయించాలని వచ్చానన్నాడు. ఆమె రాకపోతే కోత లేదన్నాడు. ఈసారి నేల చూడలేదు, ఆమె ముఖం చూసే అన్నాడు.

"నువ్వు నమ్మితే ఏమొస్తది?" అంది ద్వాళి. కోపంగా అనలేదు, అలసటగా అంది. "నా మీద తలుపు పెట్టుకున్నోళ్ళను పిలువు. ఆళ్ళు పిల్లజెల్లతోని తోటకొచ్చి నిలవడితె, ఆళ్ళ ముందట కోస్త. లేకుంటె నీ గెలలు నువ్వే కోసుకో."

కోత నాడు పొద్దెక్కింది. ట్రాక్టరు గట్టు మీద నిలబడి ఉంది. కోసేవాళ్ళు పొడుగాటి కత్తులు పట్టుకుని కూర్చున్నారు. పండిన గెల నుంచి కాయలు ఒక్కొక్కటే రాలి టపటపమని కింద పడుతున్నాయి. రాలిన కొద్దీ నష్టమని, మిల్లుకు పొద్దుండగానే చేరాలని ట్రాక్టరువాడు గొణుగుతున్నాడు. తోట అవతలి గట్టు మీద, తండా వైపు, ద్వాళి కూతురితో నిలబడి ఉంది. గట్టు దిగి లోపలికి రాలేదు.

తను పిలుచుకొచ్చేదాకా ఎవరూ కత్తి ఎత్తొద్దని కొండల్ కమలాదేవికి చెప్పి ఊళ్ళోకి నడిచాడు. మొదట బుచ్చి ఇంటికే పోయాడు. ఆ మాట పుట్టింది తనకూ బుచ్చికీ మధ్యనే కదా. తలుపు వేసి ఉంది. తట్టాడు. లోపల అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. తలుపు సందంత తెరుచుకుంది. బుచ్చి భార్య కొంగు పట్టుకుని ఆయనను పైనుంచి కిందికి చూసింది. ఎందుకని అడిగింది.

"ద్వాళి మా తోట కాడుంది," అన్నాడు కొండల్. "తొలి గెల కోస్తది. ఆమె తోని ఏం గాదు. నేనే తప్పు కూసిన. నన్ను నమ్మి, పిల్లలను తీసుకుని ఒక్కసారి రాండ్రి."

ఆమె కదల్లేదు. ఇందులో ఏదో ఉందన్నట్టు, ఆయన మాటల వెనక ఇంకేదో వెతుకుతున్నట్టు చూస్తోంది. ఆ చూపు కొండల్‌కు బాగా తెలుసు. పాలగిన్నెలో, గోలీలలో, కషాయం సీసాలో ఇన్నేళ్ళూ తను చూసిన చూపే అది. దాన్ని ఏ మాటతో పోగొట్టవచ్చో ఆయనకు తెలియదు. తన దగ్గర అది ఏ మాటకూ పోలేదు.

తలుపు మెల్లగా మూసుకుంటోంది. కొండల్ తలుపు మీద చెయ్యి పెట్టి, మొదటి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.